లూప్ యాంటెన్నాకు ట్యూబు: తూకం చూసి కాదు, చుట్టుకొలత చూసి కొన్న కేసు

అపార్ట్‌మెంట్ డాబా మీద యాంటెన్నా స్తంభం నిలబెట్టడానికి అసోసియేషన్ ఒప్పుకోలేదు. సికింద్రాబాద్‌లో మూడో అంతస్తు, తూర్పు వైపు బాల్కనీ, దానికి ఇనుప గ్రిల్. ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన అమెచ్యూర్ రేడియో పరీక్ష పాసై, లైసెన్సు తెచ్చుకుని, 5 వాట్ల చిన్న ట్రాన్స్‌సీవర్ (పంపడానికి, వినడానికి కలిపి ఉన్న రేడియో) కొనుక్కున్నారు. చేతిలో ఉన్న డబ్బు చాలావరకు దానికే అయిపోయింది. 14 మెగాహెర్ట్జ్, 21 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో పని చేసే యాంటెన్నా కావాలి, రాత్రికి తీసి లోపల పెట్టుకోగలగాలి, ఖర్చు తక్కువలో తేలాలి. ఇలాంటి చోట మీటరు వ్యాసం ఉన్న మాగ్నెటిక్ లూప్ తప్ప నాకు మరో దారి కనిపించదు. లోహపు ట్యూబును గుండ్రంగా వంచి, రెండు చివర్ల మధ్య ఫ్రీక్వెన్సీకి సరిచేసే కండెన్సర్ పెడితే అదే ఈ యాంటెన్నా. ఆయన కూడా దానికే సిద్ధపడ్డారు. ట్యూబు దగ్గరే ఆగిపోయారు. అడిగిన ప్రతి దుకాణం ఒక్కో లోహం, ఒక్కో మందం, ఒక్కో ధర చెప్పింది.

లూపులు కట్టాలనుకునే కొత్తవారిలో ఎక్కువ మంది ఇక్కడే చిక్కుకుంటారు. డబ్బు పెట్టనవసరం లేని చోట పెట్టి, పెట్టాల్సిన చోట మిగుల్చుకుంటారు. అందుకే ఈ కేసును మొదటి నుంచి రాస్తున్నాను.

ముందు లెక్క. మీటరు వ్యాసం ఉన్న గుండ్రటి లూపు 14.1 మెగాహెర్ట్జ్ దగ్గర చూపే రేడియేషన్ రెసిస్టెన్స్ సుమారు 0.094 ఓం. అంటే ఓంలో పదో వంతు కూడా లేదు. మనం పంపే శక్తిలో ఈ 0.094 ఓం దగ్గర ఖర్చయ్యేదే తరంగంగా బయటికి వెళుతుంది. ట్యూబు నిరోధం, అతుకుల నిరోధం, కండెన్సర్‌లోని నష్టం, ఇవన్నీ వేడిగా పోయేవి. కాబట్టి వందో వంతు ఓం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది.

ఇంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కరెంటు లోహం పైపొరలోనే పారుతుంది. 14 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో స్కిన్ డెప్త్ దాదాపు 18 మైక్రాన్లు. దానికి అయిదు రెట్లు తీసుకున్నా మిల్లీమీటరులో పదో వంతు దాటదు. అంతకు లోపల ఉన్న రాగి ట్యూబును వంగకుండా నిలబెట్టడానికి తప్ప రేడియోకు ఉపయోగపడదు. కానీ బజారు రాగిని కిలోల్లో అమ్ముతుంది. మనకు కావలసింది చుట్టుకొలత, దుకాణదారు అమ్మేది బరువు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే వెడల్పుగా, పలచగా ఉన్న ట్యూబే మనకు లాభమని వెంటనే తెలుస్తుంది.

ఏసీ మెకానిక్‌లు వాడే మెత్తటి రాగి ట్యూబుతో దీన్ని అంకెల్లో చూద్దాం. లూపుకు, చివర్లకు కలిపి 3.3 మీటర్లు కావాలి. బయటి వ్యాసం 5/8 అంగుళం, గోడ మందం 0.8 మిల్లీమీటర్లు ఉన్న ట్యూబు 3.3 మీటర్లకు 1.1 కిలోలు తూగుతుంది. అదే వ్యాసంలో గోడ 1.2 మిల్లీమీటర్లు ఉంటే 1.6 కిలోలు. రాగి రేటు రోజూ మారుతుంది కాబట్టి లెక్క కోసం కిలో వెయ్యి రూపాయలు అనుకుందాం. రెండో ట్యూబుకు అయిదు వందలు ఎక్కువ పెడతాం, లూపు పనితీరు మాత్రం వెంట్రుకవాసి కూడా పెరగదు. ‘మందంగా ఉన్నది తీసుకోండి సార్, గట్టిగా ఉంటుంది’ అనే సలహా ఏసీ గ్యాస్ ఒత్తిడికి సరైనదే, మన పనికి కాదు.

వ్యాసం తగ్గిస్తే ఎంత నష్టపోతాం? అతుకులు, కండెన్సర్ ఏ నష్టమూ చేయవనుకుంటే 5/8 అంగుళం ట్యూబుతో 14.1 మెగాహెర్ట్జ్ దగ్గర లూపు సామర్థ్యం, అంటే పంపిన శక్తిలో తరంగంగా బయటికి వెళ్లే వంతు, 60 శాతం దాకా వస్తుంది. 3/8 అంగుళంతో 48 శాతం, పావు అంగుళంతో 38 శాతం. 5/8 నుంచి 3/8కి దిగితే ఒక డెసిబెల్ (సంకేత బలంలో తేడాను కొలిచే ప్రమాణం) పోతుంది, పావు అంగుళానికి దిగితే రెండు డెసిబెల్స్. అవతలి స్టేషన్‌లో సంకేత బలం చూపే ఎస్-మీటరు ఒక గీత కదలాలంటే ఆరు డెసిబెల్స్ కావాలి. 3/8 అంగుళం ట్యూబు 3.3 మీటర్లకు బరువు 0.65 కిలోలే. చేతిలో డబ్బు లేదని లూపు కట్టడం మానుకున్నవారికి నేను ఇచ్చే సలహా ఒక్కటే: 3/8 అంగుళం మెత్తటి ట్యూబు తెచ్చి పని మొదలుపెట్టండి. ఒక డెసిబెల్ కోసం ఏడాది ఆగడంలో అర్థం లేదు.

మరో మాట. వినడానికే అయితే ట్యూబు అసలు కొనకండి. హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ లాంటి మీడియం వేవ్ స్టేషన్లను దూరం నుంచి పట్టడానికి చెక్క చట్రం మీద మామూలు వైరు కాస్త ఎక్కువ చుట్లు చుడితే చాలు. ఆ ఫ్రీక్వెన్సీల్లో బయటి రొదే సంకేతాన్ని శాసిస్తుంది, ట్యూబులో జరిగే నష్టం కాదు. ఈ కేసులో ఉన్న లెక్కలన్నీ ప్రసారం చేసే లూపుకు సంబంధించినవి.

ఇక బజారు. రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో మొదట కనిపించేది స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగ్ పైపు. మెరుస్తుంది, తుప్పు పట్టదు, ధర అందుబాటులో ఉంటుంది, వంచి ఇచ్చేవారూ అక్కడే ఉంటారు. పెద్దాయన మనసు దాని మీదే ఉంది. కానీ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ నిరోధకత రాగికి నలభై రెట్లకు పైనే. పైపొర నిరోధం దాని వర్గమూలం ప్రకారం పెరుగుతుంది కాబట్టి ఆరున్నర రెట్లు అవుతుంది. 5/8 అంగుళం పైపుతో సామర్థ్యం 19 శాతానికి పడిపోతుంది. పావు అంగుళం రాగి ట్యూబు దీనికి రెట్టింపు పని చేస్తుంది. కర్టెన్ రాడ్లలో ఎక్కువ భాగం పూత పూసిన ఉక్కే, వాటికీ ఇదే సమాధానం.

అల్యూమినియం సంగతి వేరు. దీన్ని చాలామంది తేలిగ్గా తీసిపారేస్తారు, అది తప్పు. కిలో లెక్కన రాగి ధరలో మూడో వంతుకు అటూ ఇటూగా దొరుకుతుంది, బరువు కూడా రాగిలో మూడో వంతు కన్నా తక్కువ. అంటే అదే కొలత గల ట్యూబు మీటరుకు పదో వంతు ఖర్చులో వస్తుంది. కిటికీలు చేసేవారు వాడే 6063 మిశ్రమం రాగి కన్నా కరెంటును తక్కువగానే మోస్తుంది, కానీ వ్యాసం పెంచి ఆ లోటు పూడ్చుకోవచ్చు. అంగుళం వ్యాసం ఉన్న అల్యూమినియం ట్యూబుతో వచ్చే సామర్థ్యం 64 శాతం. 5/8 అంగుళం రాగిని మించిపోయింది. పైగా పన్నెండు అడుగుల నిడివిలో దొరుకుతుంది, 3.66 మీటర్లు, మన లూపుకు మధ్యలో ఒక్క అతుకు కూడా అక్కరలేదు.

మరి దాన్నే ఎందుకు ఎంచుకోలేదు? రెండు కారణాలు. గట్టిపరిచిన అల్యూమినియాన్ని చేత్తో వంచితే నొక్కుకుపోతుంది, రోలింగ్ యంత్రం కావాలి. ఒక్క పైపు కోసం యంత్రం సర్దడానికి అక్కడ ఎవరూ ఇష్టపడలేదు. రెండోది, దాని చివర్లకు మామూలు టంకం అంటుకోదు. బోల్టులతో బిగించాలి, గాలి తగిలిన క్షణంలోనే ఏర్పడే ఆక్సైడ్ పొరను గీకి, ఆక్సైడ్ పట్టకుండా ఆపే పేస్టు రాసి బిగించాలి. రాగి పట్టీని నేరుగా కలిపితే తేమలో ఆ అతుకును తుప్పు తినేస్తుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న చోట్ల ఇంకా త్వరగా పాడవుతుంది. పైపులు వంచే దుకాణం తెలిసి, ఏటా ఒకసారి బోల్టులు విప్పి శుభ్రం చేసుకునే ఓపిక ఉన్నవారికి మాత్రం అల్యూమినియాన్ని మించిన చవకైన దారి లేదని గట్టిగా చెబుతాను.

ఆసుపత్రుల్లో ఆక్సిజన్ లైన్లు వేసే గట్టి రాగి పైపు ముక్కలు కూడా చూశాం. నాణ్యత చాలా బాగుంది. వంగదు కాబట్టి ఎనిమిది ముక్కలు కోసి, ఎల్బోలు పెట్టి అష్టభుజిగా బ్రేజింగ్ (మరో లోహాన్ని కరిగించి అతకడం) చేయాలి. అదే చుట్టుకొలతతో వృత్తం వైశాల్యంలో 95 శాతం అష్టభుజికి వస్తుంది, చతురస్రానికి 79 శాతమే వస్తుంది. రేడియేషన్ రెసిస్టెన్స్ వైశాల్యం వర్గంతో మారుతుంది, అందుకని చతురస్రం కట్టడం ఎప్పుడూ నష్టమే. అష్టభుజి సరే, కానీ పదహారు అతుకులు. బాగా బ్రేజింగ్ చేయగల మనిషి పక్కన లేకపోతే ఆ జోలికి వెళ్లకూడదు.

చివరికి దొరికింది తుక్కు దుకాణంలో. మొబైల్ టవర్ల మీద రేడియో యూనిట్లను పైకి, యాంటెన్నాల పక్కకు మార్చాక కింద నుంచి పైదాకా ఉండే లావుపాటి ఫీడర్ కేబుళ్ల అవసరం పోయింది. అలా దించిన 7/8 అంగుళం కేబుల్ వేలంలో కొన్న వ్యాపారుల దగ్గర ముక్కలుగా పడి ఉంటుంది. దాని బయటి వాహకం ముడతలు పెట్టిన రాగి గొట్టం. వ్యాసం దాదాపు 25 మిల్లీమీటర్లు, గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. పైన నల్లటి తొడుగు ఎండకు, వానకు తట్టుకుంటుంది. పావు మీటరు వ్యాసార్ధం దాకా నొక్కుకుపోకుండా వంగుతుంది, మనకు కావలసింది అర మీటరు. వెడల్పుగా, పలచగా ఉండే రాగి అని కాగితం మీద కోరుకున్నదే ఎదురుగా చుట్టలు చుట్టి ఉంది.

కొనే ముందు మూడు పరీక్షలు తప్పనిసరి. ఇలాంటి కేబుల్లో బయటి వాహకం అల్యూమినియంతో చేసిన రకం కూడా ఉంది, తొడుగు పైనుంచి చూస్తే తేడా తెలియదు. చివర రెండంగుళాలు తొడుగు కోయించి ఆకురాయితో ఒక్క గీత గీయాలి. గీత లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. తర్వాత అయస్కాంతం. ఇది కేబుల్ కన్నా తుక్కులో దొరికే సన్నటి ‘రాగి’ గొట్టాలకు ముఖ్యం. ఫ్రిజ్‌ల నుంచి తీసినవాటిలో రాగి పూత ఉన్న ఉక్కు గొట్టాలు ఉంటాయి, చూడటానికి రాగిలాగే ఉంటాయి, అయస్కాంతానికి టక్కున అతుక్కుంటాయి. మూడోది, కోసిన చివర లోపలి రంగు. ముడతల మధ్య నల్లగా, పచ్చగా మారి ఉంటే నీళ్లు దిగిన ముక్క, వదిలేయాలి. మేము చూసిన మొదటి చుట్టలో కోత దగ్గర రాగి బాగానే ఉంది, జానెడు లోపలికి కోయించాక ముడతల్లో పచ్చటి పొడి రాలింది. రెండో చుట్ట కొత్త బిందెలా మెరిసింది.

బేరం దగ్గర ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఈ కేబుల్ మీటరుకు సుమారు అర కిలో ఉంటుంది. అందులో నల్లటి తొడుగు, లోపలి తెల్లటి నురుగు ప్లాస్టిక్ కూడా ఉన్నాయి. దుకాణదారు మొత్తాన్ని కాంటా మీద పెట్టి రాగి రేటు చెప్పాడు. ‘అన్నా, ప్లాస్టిక్కుకు కూడా రాగి రేటేనా?’ అని పెద్దాయన అడిగితే, ‘వలిచి ఇస్తే కూలీ పడుతుంది సార్’ అన్నాడు. మాకు వలవకూడదు, తొడుగు కావాలి. వలవనవసరం లేదని చెప్పి, కేబుల్ తుక్కు రేటుకు ఒప్పించాం. నాలుగు మీటర్ల ముక్క ఒకటి, మరో పొడవాటి ముక్క ఒకటి తీసుకున్నాం.

బిల్లు అడిగి తీసుకున్నాం. దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. టవర్ల కేబుళ్లు, ఏసీల రాగి పైపులు దొంగతనం కావడం అందరికీ తెలిసిన విషయమే. బిల్లు ఇవ్వని చోట ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. లైసెన్సు పెట్టుకుని గాలిలో మాట్లాడేవాళ్లం, మన యాంటెన్నా ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యంగా చెప్పగలిగి ఉండాలి.

వంచడానికి పంక్చరు దుకాణం బయట పెట్టిన పాత లారీ టైరు వాడాం. 10.00-20 సైజు టైరు బయటి వ్యాసం మీటరు మీద అయిదు సెంటీమీటర్లు. కేబుల్‌ను దాని చుట్టూ మెల్లగా తిప్పి, తాడుతో కట్టి, ఎండలో కాసేపు ఉంచితే గుండ్రంగా నిలిచింది. మెత్తటి ఏసీ ట్యూబుకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. అందులో పొడి ఇసుక నింపి చివర్లు మూసి వంచితే నొక్కులు పడవు.

ఆదా చేసిన డబ్బు వెళ్లాల్సింది చివర్లకు. లూపు మొత్తంలో రాగి నిరోధం, ముడతల వల్ల పెరిగే దారితో కలిపినా, 0.05 ఓం లోపే. సరిగా బిగించని ఒక్క లగ్గు (చివర బిగించే లోహపు ముక్క) అంత నిరోధం తేగలదు. అప్పుడు ఇంత వెతికి తెచ్చిన రాగికి విలువ సగమైపోతుంది. అందుకే స్క్రూలు, క్లాంపులు వద్దనుకున్నాం. రెండు చివర్ల దగ్గర తొడుగు మూడు సెంటీమీటర్లు తీసి, లోపలి నురుగును కూడా ఆ మేరకు తవ్వేశాం. తవ్వకపోతే వేడికి కరిగి రాగి మీదికి పాకుతుంది, టంకం పట్టదు. వెనుక భాగానికి తడిగుడ్డ చుట్టి, వెడల్పాటి రాగి పట్టీని చుట్టూ తిప్పి పూర్తిగా టంకం పారించాం. పట్టీ ఒకవైపు మాత్రమే అంటితే కరెంటు ఆ ఒక్క చోట గుమిగూడుతుంది. గొట్టం చుట్టుకొలతంతా అంటాలి.

కండెన్సర్‌గా పాత వాల్వు రేడియో నుంచి తీసిన రెండు గదుల గ్యాంగ్ కండెన్సర్, ఒక్కో గది సుమారు 500 పికోఫారడ్లు. కదలని రెండు పలకల గుత్తులకు లూపు రెండు చివర్లను కలిపాం, తిరిగే పలకలను దేనికీ కలపలేదు. దీనివల్ల రెండు గదులు సిరీస్‌లో పడతాయి, కరెంటు రుద్దుకునే స్ప్రింగు గుండా పోదు, వోల్టేజీ రెండు ఖాళీల మధ్య పంచుకుంటుంది. 14.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఈ లూపుకు కావలసింది సుమారు 54 పికోఫారడ్లు, 21.2 దగ్గర 24. ఇరుసుకు ప్లాస్టిక్ కడ్డీ తగిలించాం. 5 వాట్లకే ఆ చివర్ల మధ్య వెయ్యి వోల్టుల దాకా లేస్తుంది, చేయి తగిలితే కాలుతుంది. పిల్లలున్న ఇళ్లలో దాన్ని పెట్టెలో మూసి ఉంచాలి, ప్రసారం చేసేటప్పుడు లూపుకు రెండు మీటర్ల దూరంలో కూర్చోవాలి. ట్రాన్స్‌సీవర్ నుంచి పెద్ద లూపుకు శక్తి అందించే చిన్న లూపు 20 సెంటీమీటర్ల వ్యాసంతో, పావు అంగుళం ఏసీ ట్యూబు ముక్కతో చేశాం. అక్కడ కరెంటు తక్కువ, సన్నటిదే చాలు.

కొలతలు నానోవీఎన్ఏతో, అంటే యాంటెన్నాలను పరీక్షించే చిన్న పరికరంతో. ట్రాన్స్‌సీవర్‌కు, లూపుకు జత సరిగ్గా కుదిరాక ఎస్‌డబ్ల్యుఆర్ (జత ఎంత తప్పిందో చెప్పే అంకె) 2.6కు చేరే రెండు అంచుల మధ్య వెడల్పు చూడాలి. ఫ్రీక్వెన్సీని ఆ వెడల్పుతో భాగిస్తే లూపు క్యూ, అంటే ట్యూనింగ్ ఎంత పదునుగా ఉందో చెప్పే అంకె, వస్తుంది. లూపు రియాక్టెన్స్‌ను (తీగచుట్టలా అది మారే కరెంటును అడ్డుకునే కొలత), ఇక్కడ 210 ఓంలు, క్యూతో భాగిస్తే మొత్తం నిరోధం వస్తుంది. గ్రిల్‌కు ఆనించి పెట్టినప్పుడు వెడల్పు సుమారు 18 కిలోహెర్ట్జ్. అంటే మొత్తం నిరోధం 0.27 ఓం, సామర్థ్యం 35 శాతం. గ్రిల్ నుంచి అర మీటరు ఎడంగా, గోడకు లంబంగా తిప్పితే వెడల్పు 14 కిలోహెర్ట్జ్‌కు తగ్గింది. నిరోధం 0.21 ఓం, సామర్థ్యం 45 శాతం. ఒక్క పైసా ఖర్చు లేకుండా డెసిబెల్ పైగా దొరికింది. పావు అంగుళం ట్యూబును 3/8కి మారిస్తే వచ్చే లాభం కూడా ఇంతే. ఎక్కడ నిలబెడతామన్నది ఏ ట్యూబు కొంటామన్నదానికి తీసిపోదు.

బలహీన సంకేతాలకు వాడే డిజిటల్ పద్ధతి ఎఫ్‌టీ8లో 14.074 మెగాహెర్ట్జ్ మీద సాయంత్రాలు ఆగ్నేయాసియా, ఐరోపా స్టేషన్లు ఆయన 5 వాట్లను అందుకుంటున్నాయి. మోర్స్‌లోనూ మాట్లాడుతున్నారు. ఫ్రీక్వెన్సీ కొద్దిగా మార్చినా కండెన్సర్ తిప్పుకోవాలి. అది ఇలాంటి లూపుల స్వభావం, అలవాటు చేసుకున్నారు.

ఇప్పుడు ఆయన 7 మెగాహెర్ట్జ్ అడుగుతున్నారు. గ్యాంగ్ కండెన్సర్ దాదాపు పూర్తిగా మూస్తే ఈ లూపే అక్కడ ట్యూన్ అవుతుంది, కానీ రేడియేషన్ రెసిస్టెన్స్ 0.006 ఓంకు పడిపోతుంది. అతుకులు, పరిసరాల నష్టం కలుపుకుంటే సామర్థ్యం అయిదు శాతం దగ్గరే ఆగుతుంది. ఇక్కడ లావు ట్యూబు కోసం వెతకడం దండగ, పొడవు కొనాలి. వ్యాసం రెట్టింపు చేస్తే రేడియేషన్ రెసిస్టెన్స్ పదహారు రెట్లవుతుంది, ట్యూబు నష్టం రెట్టింపే అవుతుంది. రెండు మీటర్ల లూపు ఆ బాల్కనీలో పట్టదు. అదే వ్యాసంలో రెండు చుట్లు వేస్తే నాలుగు రెట్లు వస్తుంది. చుట్లు దగ్గరగా ఉంటే ఒకదాని కరెంటు మరోదాన్ని ఒక పక్కకు నెట్టి నష్టం పెంచుతుంది కాబట్టి మధ్య కనీసం పది సెంటీమీటర్ల ఎడం ఇవ్వాలి. తెచ్చిన పొడవాటి ముక్క రెండు చుట్లకు సరిపోతుంది. వచ్చే ఆదివారం టైరు దగ్గరికి మళ్లీ వెళుతున్నాం.